నల్లమందు దుకాణం నుంచి ఎర్రగీత దాకా

కనకదుర్గ వారధి దాటి గుంటూరు వైపు దిగితే తాడేపల్లి. ఉండవల్లి సెంటర్‌లోనో, జాతీయ రహదారి సర్వీసు రోడ్డు పక్కనో ఏదో ఒక మెడికల్ షాపులో అల్ప్రజోలం అనే మత్తు మాత్రల స్ట్రిప్పు చూడండి. ఎడమ అంచున పైనుంచి కింది దాకా సన్నటి ఎర్రగీత ఉంటుంది. మందు పేరుకు ముందు ఎర్ర అక్షరాల్లో ‘ఎన్ఆర్ఎక్స్’ అని ఉంటుంది. దాని కింద గడి కట్టి, డాక్టరు సలహా లేకుండా వాడటం ప్రమాదకరమని, చీటీ లేకుండా చిల్లరగా అమ్మకూడదని అచ్చు వేసి ఉంటుంది. అద్దాలు పెట్టుకుంటే తప్ప కనపడని ఆ అక్షరాల వెనక దాదాపు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో మన గోదావరి జిల్లాలున్నాయి, గుంటూరు మిషన్ ఆసుపత్రి ఉంది, హైదరాబాదు క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది.

మన ముత్తాతల కాలంలో నల్లమందు కొనడానికి ఏ చీటీ అక్కర్లేదు. 1878 నాటి నల్లమందు చట్టం ప్రకారం సర్కారు లైసెన్సు ఉన్న దుకాణానికి వెళ్లి, డబ్బులిచ్చి తెచ్చుకోవడమే. మద్రాసు రాజధానిలో ఈ వాడకం ఎక్కువగా ఉన్న ప్రాంతాలు గోదావరి జిల్లా, విశాఖ మన్యం. చలిజ్వరానికి, విరేచనాలకు, కీళ్ల నొప్పులకు, ఏడ్చే పసిపిల్లను పడుకోబెట్టడానికి అన్నింటికీ అదే మందు. డాక్టరు దొరకని పల్లెలో నొప్పి తగ్గించే వస్తువు మరొకటి లేదు కాబట్టి ఆ జనాన్ని తప్పుపట్టలేం. ఇంగ్లండులో నల్లమందు మీద గొడవ ముదిరి 1893లో రాయల్ కమిషన్ వేశారు. నిషేధించాల్సినంత హాని ఏమీ లేదని 1895లో ఆ కమిషన్ తేల్చింది. నల్లమందు మీద ఖజానాకు వచ్చే రాబడి ఎంతటిదో తెలిసినవారికి ఆ తీర్పు ఆశ్చర్యం కలిగించదు.

ఇదే నల్లమందు నుంచి మార్ఫిన్‌ను వేరుచేసిన మనిషి డాక్టరు కాదు, మందుల దుకాణంలో పనిచేసే కుర్రాడు. జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో ఫ్రీడ్రిష్ సెర్ట్యూర్నర్ 1805 ప్రాంతంలో ఆ పని చేశాడు. 1853 తరవాత ఇంజక్షన్ సూది వాడుకలోకి రావడంతో మార్ఫిన్ శక్తి, దాని చెడు రెండూ పెరిగాయి. 1912లో హేగ్‌లో కుదిరిన ఒప్పందంతో దేశాలన్నీ ఈ మందులకు కళ్లెం వేయాలనుకున్నాయి. 1914లో అమెరికా హారిసన్ చట్టం తెచ్చి, డాక్టరైనా మందుల వ్యాపారైనా పేరు నమోదు చేసుకుని లెక్క రాయాల్సిందేనంది. మన దేశంలో 1930 నాటి ప్రమాదకర మందుల చట్టం మార్ఫిన్, కొకైన్, హెరాయిన్‌లను లైసెన్సుల కిందికి తెచ్చింది.

మరి ఆ రోజుల్లో గుంటూరులో మందు ఎలా ఇచ్చేవారు? అమెరికా నుంచి డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. 1898లో ఆడవాళ్ల కోసం ఆమె ప్రారంభించిన మిషన్ ఆసుపత్రి ఇప్పటికీ కుగ్లర్ పేరుతోనే జనం నోట్లో ఉంది. అప్పటి ఆసుపత్రుల్లో డాక్టరు రాసిన కాగితం ఊళ్లోకి పోయేది కాదు. కిటికీ అవతల ఉన్న కాంపౌండరు చేతికే వెళ్లేది. ఆయన పొడులు తూచి, కల్వంలో నూరి, నీళ్లు కలిపి సీసాలో పోసేవాడు. సీసా ప్రక్కకు కత్తెరతో గాట్లు పెట్టిన కాగితం ముక్క అంటించేవాడు. గాటుకు ఒక మోతాదు. రాసినవారు, కలిపినవారు ఒకే కప్పు కింద ఉండేవారు కాబట్టి తేడా వస్తే అక్కడికక్కడే తెలిసేది.

ఆ కప్పు బయట పరిస్థితి వేరు. సంతలో సీసాల్లో ఏమున్నదో అమ్మేవాడికే తెలియని కాలం అది. మలేరియాకు క్వినైన్ అని ఇచ్చిన దాంట్లో క్వినైన్ ఎంతో ఎవరూ చెప్పలేరు. ఆ గందరగోళం మీద విచారించడానికి 1930లో కల్నల్ రామ్‌నాథ్ చోప్రా నాయకత్వంలో కమిటీ వేశారు. కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో పనిచేసిన చోప్రా, 1931లో ఇచ్చిన నివేదికలో కల్తీ, నాసిరకం మందుల సంగతంతా బయటపెట్టాడు. అయినా 1940 దాకా మందుల చట్టం రాలేదు. ఆ మధ్యలో, 1937లో, అమెరికాలో సల్ఫనిలమైడ్ టానిక్కు తాగి వందమందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పిల్లలు. ఆ దెబ్బకు అక్కడ మరుసటి ఏడాదే గట్టి చట్టం వచ్చింది.

మన చట్టానికి ప్రాణం పోసినవి 1945 నాటి నిబంధనలు. వాటిలో 65వ నిబంధన ఈ రోజుకీ ప్రతి మెడికల్ షాపును నడిపిస్తున్నది. చీటీ అంటే ఏమిటో అందులో స్పష్టంగా ఉంది. డాక్టరు సంతకం, తేదీ ఉండాలి. రోగి పేరు, చిరునామా ఉండాలి. మొత్తం ఎంత మందు, మోతాదు ఎంత అన్నది ఉండాలి. డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఒక చీటీ మీద మందు ఒక్కసారే ఇవ్వాలి. ఇచ్చాక షాపు పేరు, చిరునామా, తేదీ చీటీ మీద వేయాలి. రాసిన మందు లేదని మరొకటి చేతిలో పెట్టకూడదు. ఇదంతా రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కళ్ల ముందే జరగాలి. 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది ఆ ఫార్మసిస్టును తయారుచేయడానికే. మన దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1951లో ఫార్మసీ విభాగం మొదలైంది.

ఇక్కడొక మాట చెప్పాలి. షాపు సీలు లేని చీటీ జేబులో పెట్టుకుని, అదే నిద్రమాత్ర మూడు షాపుల్లో మూడుసార్లు కొన్నా పట్టుకునేవారు లేరు. నిబంధన రాసినవారు ఈ సంగతి ముందే ఊహించారు. అందుకే సీలు వేయమన్నారు. బిల్లు ఇవ్వడమే బరువైపోయిన కౌంటర్ల దగ్గర ఆ చిన్న పని ఎవరికీ గుర్తుండటం లేదు.

స్వతంత్రం వచ్చాక మొదట తెరపడింది నల్లమందు దుకాణాలకు. వైద్యానికి కాని వాడకాన్ని పదేళ్లలో ఆపేయాలని 1949లో నిర్ణయించారు. 1959 ఏప్రిల్ నుంచి సర్కారు దుకాణంలో ఎవరు పడితే వారు నల్లమందు కొనే వీలు పోయింది. ఆ తరవాత పాతికేళ్లకు వచ్చింది అసలు పిడుగు. 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చిన మత్తుమందుల చట్టం. ఎన్‌డీపీఎస్ అని అందరూ అనేది దీన్నే. అప్పట్లో పదేళ్లకు తగ్గని కఠిన శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. హెరాయిన్ ముఠాల కోసం చేసిన చట్టం మార్ఫిన్ సీసా పెట్టుకున్న ఆసుపత్రి మీద కూడా పడింది. దగ్గర ఉంచుకోవడానికి ఒక లైసెన్సు, తెప్పించుకోవడానికి ఒకటి, రవాణాకు ఒకటి. రాష్ట్రానికో రకం నిబంధన. ఒక లైసెన్సు చేతికొచ్చేలోపు మరొకదాని గడువు తీరిపోయేది. ఎందుకొచ్చిన తలనొప్పి అని ఆసుపత్రులు మార్ఫిన్ కొనడమే మానేశాయి.

ఫలితం దారుణం. 1985 తరవాత పన్నెండేళ్లలో దేశంలో వైద్యానికి వాడిన మార్ఫిన్ 97 శాతం పడిపోయింది. 1997లో ఇంత పెద్ద దేశమంతా కలిపి వాడింది 18 కిలోలు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో సర్కారు లైసెన్సుతోనే గసగసాల పంట వేస్తారు. 1820లో మొదలైన గాజీపూర్ కర్మాగారం ఇంకా నడుస్తున్నది. ఆ నల్లమందు విదేశాలకు పోయి అక్కడి రోగుల నొప్పి తీరుస్తుంటే, మన క్యాన్సర్ రోగులు చివరి నెలలు అరుపులతో గడిపారు. ఈ చరిత్ర మొత్తంలో ఇంతకు మించిన అన్యాయం లేదు.

దాన్ని సరిదిద్దడానికి పూనుకున్నవారిలో ముందు చెప్పాల్సిన పేరు కేరళ డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్. 2003లో పాలియం ఇండియా సంస్థ పెట్టి, ఒక్కో రాష్ట్రం తలుపు తట్టి, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. తెలుగునేల మీద ఆ పని హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో మొదలైంది. 2006లో అక్కడ డాక్టర్ గాయత్రి పాలాట్ ఉపశమన చికిత్స విభాగం ప్రారంభించారు. సర్కారు ఆసుపత్రిలో పేద రోగికి మార్ఫిన్ మాత్ర అందడం అంతకుముందు తెలుగువారు పెద్దగా ఎరగనిది.

2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్ ఈ ఆరింటినీ ఆ సవరణ కింద కేంద్రం అత్యవసర మందులుగా గుర్తించింది. 2015 మేలో దేశమంతటికీ ఒకే నిబంధనలు వచ్చాయి. రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపు ఇస్తే చాలు, ఆసుపత్రి ఈ మందులు తెప్పించి రోగికి ఇవ్వొచ్చు. నాలుగైదు లైసెన్సుల గొడవ పోయింది. అయితే మార్ఫిన్ మామూలు మెడికల్ షాపు అలమారాల్లోకి రాదు. గుర్తింపు పొందిన ఆసుపత్రి దగ్గరికే పోవాలి. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి, మిరప చేలల్లో పనిచేసేవారి ఇళ్లకు ఆ ఆసుపత్రి ఎంత దూరం అన్నదే ఇప్పుడు మిగిలిన ప్రశ్న.

మరోవైపు కథ పూర్తిగా తిరగబడి ఉంది. నొప్పి మందు దొరకని చోటే మత్తు మాత్ర తేలిగ్గా దొరుకుతున్నది. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి. కల్లు దొరక్క నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం వణుకుతూ, మతితప్పి మాట్లాడుతూ ఆసుపత్రులకు వచ్చారు. వారికి అలవాటైంది కల్లు కాదు, అందులో కలిపిన అల్ప్రజోలం, డైజిపామ్. పదేళ్లు గడిచాక, 2025 జులైలో కూకట్‌పల్లిలో మళ్లీ కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఆ కల్లులోనూ అల్ప్రజోలమే ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. దొంగచాటు ఫ్యాక్టరీల్లో తయారైన పొడి ఇలా కల్లులోకి చేరుతుంది. దాన్ని షాపు కౌంటరు దగ్గర చీటీ అడిగి ఆపలేం. కౌంటరు దగ్గర ఆపగలిగింది కౌంటరు దగ్గర ఆపాలి కదా!

ఆ ఏర్పాటు అంతకుముందే ఉంది. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్-1 అమల్లోకి వచ్చింది. మొదట 46 మందులు. యాంటీబయాటిక్స్, క్షయ మందులతో పాటు అల్ప్రజోలం, డైజిపామ్, జోల్పిడెమ్, కోడీన్, ట్రమడాల్ ఉన్నాయి. వీటికి షాపులో విడిగా రిజిస్టర్ ఉండాలి. రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారు అన్నది ఒక్కో వరుసలో నింపాలి. మూడేళ్లు దాచి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపాలి. ఇంకా కట్టుదిట్టమైనది షెడ్యూల్ ఎక్స్. కెటమిన్, సెకోబార్బిటాల్, కుదురు నిలవని పిల్లలకు రాసే మిథైల్‌ఫెనిడేట్ దాని కిందివే. వీటికి షాపుకు వేరే లైసెన్సు కావాలి. మందు తాళం వేసి ఉంచాలి. చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒకటి షాపులో రెండేళ్లు ఉండిపోవాలి. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను కూడా ఎన్‌డీపీఎస్ జాబితాలోకి లాగారు.

రోగికి ఈ చట్టం ఇచ్చిన వెసులుబాటు కూడా ఉంది. అది చాలామందికి తెలియదు. చీటీతో కొన్న సైకోట్రోపిక్ (మనసు మీద పనిచేసే) మాత్రలు సొంత వైద్యం కోసం ఒకసారికి వంద మోతాదుల దాకా దగ్గర ఉంచుకోవచ్చు. దీర్ఘకాలం వాడాలని డాక్టరు ప్రత్యేకంగా రాస్తే మూడు వందల దాకా ఉంచుకోవచ్చు. మూర్ఛకో, మానసిక వ్యాధికో మందు వాడుతూ ఊరెళ్లేవారు భయపడాల్సిన పనిలేదు, చీటీ సంచిలో ఉంటే చాలు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు మాత్రం ఆ దేశం నిబంధనలు వేరే ఉన్నాయి. అక్కడ షెడ్యూల్-2 మందుకు రీఫిల్ అనేదే లేదు, ప్రతిసారీ కొత్త చీటీ. అల్ప్రజోలం లాంటి షెడ్యూల్-4 మందుకైతే ఆరు నెలల్లో అయిదు రీఫిల్స్ దాకా ఉంది.

కరోనా మొదలైన 2020 మార్చిలో ఫోన్లో వైద్యానికి మార్గదర్శకాలు వచ్చాయి. షెడ్యూల్ ఎక్స్ మందులు, మత్తుమందులు, సైకోట్రోపిక్ మందులు ఫోన్లో చూసి రాయకూడదని అందులోనే ఉంది. మందు ఇంటికి చేరవేసేందుకు అప్పుడే ఇచ్చిన అనుమతిలోనూ వీటిని మినహాయించారు. నిద్రమాత్ర ఫోన్లో బుక్ చేస్తే ఇంటికొచ్చిందని ఎవరైనా చెబితే, అది తప్పు దారిన వచ్చిందే.

ఆంధ్రప్రదేశ్‌లో మత్తుమందుల మీద పనిచేసే పోలీసు విభాగం ఈగల్. 2025 మార్చి 21న ఆపరేషన్ గరుడ పేరుతో ఈగల్, విజిలెన్స్, ఔషధ నియంత్రణ అధికారులు కలిసి రాష్ట్రమంతటా మెడికల్ షాపులు, మందుల ఏజెన్సీలు తనిఖీ చేశారు. మంచిదే. కానీ ఏడాదికొక రోజు జరిగే తనిఖీతో రిజిస్టర్ నిజంగా నిండదు. ‘చీటీ ఏదండీ బాబాయ్?’ అని ఫార్మసిస్టు రోజూ అడిగితే, ‘అన్నా, ఒక్క స్ట్రిప్పే కదా’ అన్నవాడికి లేదని చెప్పగలిగితే నిండుతుంది. అలా చెప్పిన ఫార్మసిస్టుకు షాపు యజమాని, పక్క షాపువాళ్లు అండగా నిలవాలి. లేకపోతే బేరం పక్క షాపుకు పోతుంది, నిబంధన పాటించినవాడే నష్టపోతాడు.

అధికారులు దాడులకు పెట్టే శ్రద్ధలో సగమైనా రెండో పని మీద పెట్టాలి. ప్రతి జిల్లా ఆసుపత్రీ, ఏరియా ఆసుపత్రీ 2015 నిబంధనల కింద గుర్తింపు తీసుకుని మార్ఫిన్ ఇవ్వాలి. ఇంట్లో క్యాన్సర్ నొప్పితో ఎవరైనా బాధపడుతుంటే, ఉపశమన చికిత్స ఎక్కడుందని డాక్టరును అడగండి, మార్ఫిన్ పేరెత్తి మరీ అడగండి. అడగడం నేరం కాదు. మీ ఊళ్లో చీటీ లేకుండా మత్తు మాత్రలు అమ్ముతున్నారని తెలిస్తే ఈగల్ టోల్ ఫ్రీ నంబరు 1972కు చెప్పండి.