భార్యాభర్తల కారు ఇన్సూరెన్స్: పాలసీలో తప్పులు ఎలా సరిచేసుకోవాలి?

అమెరికాలో మన కుటుంబాల్లో కారు ఇన్సూరెన్స్ ఎక్కువగా ముందు వచ్చినవారి పేరు మీదే మొదలవుతుంది. తర్వాత పెళ్లవుతుంది, రెండో కారు వస్తుంది, ఉద్యోగం కోసం ఊరు మారతారు. పాలసీ మాత్రం పాత వివరాలతోనే ఆరు నెలలకోసారి రెన్యూ అవుతూ ఉంటుంది. నేను డాలస్ దగ్గర ఒక ఇన్సూరెన్స్ ఏజెన్సీలో పనిచేస్తాను. మనవాళ్లు తెచ్చే కాగితాల్లో కనిపించే తప్పులు అయిదారు రకాలే. యాక్సిడెంట్ కాకముందు వీటిలో చాలావాటికి ఒక ఫోన్, ఒక ఈమెయిల్ చాలు. అయ్యాక బయటపడితే క్లెయిమ్ నెలల తరబడి ఆగవచ్చు, అసలు రాకపోనూవచ్చు.

ముందు చూడాల్సిన కాగితం

కారులో పెట్టుకునే ఇన్సూరెన్స్ కార్డు కాదు, డిక్లరేషన్స్ పేజీ చూడాలి. కంపెనీ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో దొరుకుతుంది. పాలసీ ఎవరి పేరు మీద ఉంది, డ్రైవర్లు ఎవరు, కార్లు ఏవి, రాత్రిళ్లు అవి ఎక్కడ ఉంటాయి, ఎంత కవరేజి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు... అన్నీ ఇందులోనే ఉంటాయి. దంపతులిద్దరూ కలిసి కూర్చుని ఒక్కో పంక్తి చదవండి.

డ్రైవర్ వేరు, నేమ్డ్ ఇన్సూర్డ్ వేరు

నేను ఎక్కువగా చూసే తప్పు ఇది. భర్త నేమ్డ్ ఇన్సూర్డ్, భార్య డ్రైవర్ మాత్రమే. కొన్ని ఇళ్లలో తిరగేసి ఉంటుంది. చాలా కంపెనీలు అనుసరించే ప్రామాణిక పాలసీలో, ఒకే ఇంట్లో ఉండే జీవిత భాగస్వామి కూడా నేమ్డ్ ఇన్సూర్డ్‌తో సమానమే. కాబట్టి కలిసి ఉన్నంతవరకు కవరేజికి ఇబ్బంది తక్కువ. కానీ పాలసీ మార్చాలన్నా, రద్దు చేయాలన్నా కంపెనీ నేమ్డ్ ఇన్సూర్డ్ మాటే వింటుంది. ఆయన అమ్మానాన్నలను చూడటానికి ఇండియా వెళ్లినప్పుడు ఇక్కడ కొత్త కారు చేర్చాలంటే ఆవిడ చేతిలో ఏమీ ఉండదు. ఇద్దరినీ నేమ్డ్ ఇన్సూర్డ్‌గా రాయించుకోవడమే మేలు.

వేర్వేరు ఊళ్లలో ఉద్యోగాలు

ఒకరు డాలస్‌లో, ఒకరు న్యూజెర్సీలో పనిచేసే జంటలు మనలో చాలామందే ఉన్నారు. ప్రామాణిక పాలసీలో, పేరు లేని జీవిత భాగస్వామి ఇల్లు మారితే ఆ సమాన హోదా శాశ్వతంగా ఉండదు. మారిన రోజు నుంచి 90 రోజులు, లేదా పాలసీ గడువు ముగిసే రోజు, లేదా వారి పేరు మీద వేరే పాలసీ మొదలయ్యే రోజు, వీటిలో ఏది ముందొస్తే అప్పటివరకే. పైగా రేట్లు, తప్పనిసరి కవరేజీలు రాష్ట్రానికొక రకం. న్యూజెర్సీలో ఉండే కారును డాలస్ చిరునామా మీద నడిపిస్తే క్లెయిమ్ రోజున అది తప్పుడు సమాచారం కిందికి రావచ్చు. కారు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం పాలసీ తీసుకోవాలి.

ఎక్స్‌క్లూడెడ్ అన్న మాట

ఇంట్లో లైసెన్సు వయసు వచ్చినవారందరి పేర్లూ కంపెనీకి చెప్పాలి. హెచ్4 మీద కొత్తగా వచ్చిన భార్యకు ఇంకా లైసెన్సు లేదని, ప్రీమియం తగ్గుతుందని, ఆమెను ఎక్స్‌క్లూడెడ్ డ్రైవర్‌గా రాసి సంతకం చేస్తుంటారు. ఆరు నెలలకు లైసెన్సు వస్తుంది. ఆ సంతకం సంగతి ఎవరికీ గుర్తుండదు. టెక్సాస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో ఎక్స్‌క్లూడెడ్ మనిషి నడుపుతుండగా యాక్సిడెంట్ అయితే ఆ పాలసీ పైసా ఇవ్వకపోవచ్చు. మన కారుకే కాదు, అవతలివారి ఆసుపత్రి ఖర్చుకు కూడా. పర్మిట్ మీద నేర్చుకునేటప్పుడూ ఇదే లెక్క. స్టీరింగ్ పట్టకముందే ఆ ఎక్స్‌క్లూజన్ తీయించండి.

పేర్లు, లైసెన్సు నంబర్లు

మన ఆడవాళ్లలో చాలామంది పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. పాలసీ రాసేవారు భర్త ఇంటిపేరు తగిలించేస్తారు. లైసెన్సు మీద ఒక పేరు, పాలసీలో ఇంకో పేరు అవుతుంది. లైసెన్సులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. ఇండియా లైసెన్సుతో మొదలుపెట్టి ఉంటే, ఇక్కడి లైసెన్సు రాగానే ఆ నంబరు ఇవ్వండి. పెళ్లయ్యాక కూడా పాలసీలో సింగిల్ అనే ఉంటే మార్పించండి, చాలా రాష్ట్రాల్లో పెళ్లయినవారికి ప్రీమియం కొంత తగ్గుతుంది. కారు టైటిల్ ఎవరి పేరున ఉందో వారు నేమ్డ్ ఇన్సూర్డ్ అయి ఉండాలి. న్యూయార్క్‌లో అయితే రిజిస్ట్రేషన్ మీది పేరు, ఇన్సూరెన్స్ మీది పేరు ఒకటే కావాలి.

న్యూయార్క్ వారికి ఇంకో మాట

భర్త నడుపుతుండగా ఆయన పొరపాటువల్ల పక్కన కూర్చున్న భార్యకు దెబ్బ తగిలి, ఆమె పరిహారం కోరితే? న్యూయార్క్‌లో దీనికి సప్లిమెంటల్ స్పౌసల్ లయబిలిటీ అనే కవరేజి ఉండాలి. 2023 ఆగస్టు 1 నుంచి ఇది మామూలుగా ఇవ్వాల్సిందే, వద్దంటే రాతపూర్వకంగా చెప్పాలి. మీరు వద్దని సంతకం చేశారేమో చూసుకోండి.

రెండు పాలసీలు కలిపేటప్పుడు

కొత్త పాలసీ మొదలయ్యే తేదీ చేతికి వచ్చాకే పాతది రద్దు చేయండి. మధ్యలో ఒక్కరోజు ఖాళీ వచ్చినా తర్వాతి ప్రీమియం పెరగవచ్చు. పాతది రద్దు చేయడం మరిచిపోతే రెండింటికీ డబ్బు కడతారు, నష్టం మాత్రం రెండుసార్లు ఇవ్వరు. లయబిలిటీ పరిమితి కూడా అప్పుడే చూడండి. టెక్సాస్‌లో చట్టం అడిగే కనీసం ఒకరి గాయాలకు 30 వేలు, మొత్తం గాయాలకు 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి 30, 60, 15 వేలు. ఇల్లు, పొదుపు ఉన్న దంపతులకు ఇది చాలదు.

సరిచేసే పద్ధతి

1. తప్పులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, నేమ్డ్ ఇన్సూర్డ్ చేత ఫోన్ చేయించండి. మాట్లాడినవారి పేరు, తేదీ రాసుకోండి.

2. అదే విషయం ఈమెయిల్‌లోనూ పంపండి. ఫోన్‌లో సరే అన్నంత మాత్రాన మార్పు జరిగినట్టు కాదు.

3. మార్పు ఏ తేదీ నుంచి అమలో అడగండి. సవరించిన డిక్లరేషన్స్ పేజీ తెప్పించుకుని మళ్లీ చదవండి.

4. నిజం చెబితే ప్రీమియం పెరుగుతుందని దాచవద్దు. ముఖ్యమైన విషయం దాచారని తేలితే కంపెనీ పాలసీనే చెల్లదనవచ్చు.

5. ఒకరి యాక్సిడెంట్ ఇంకొకరి ఖాతాలో పడితే లెక్సిస్‌నెక్సిస్ నుంచి క్లూ రిపోర్టు తెప్పించండి. ఏడేళ్ల క్లెయిములు ఉంటాయి, ఏడాదికి ఒకసారి ఉచితం. తప్పుంటే అక్కడే అభ్యంతరం పెట్టవచ్చు.

6. కంపెనీ పట్టించుకోకపోతే మీ రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. టెక్సాస్‌లో అది టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్, న్యూయార్క్‌లో డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఫైనాన్షియల్ సర్వీసెస్.

సవరించిన పేజీ ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. ఇల్లు, ఉద్యోగం, కారు, లైసెన్సు, వీటిలో ఏది మారినా ఆ వారంలోనే కంపెనీకి చెప్పండి.