గచ్చిబౌలిలో ఆడకుండానే గెలిచిన కప్పు

2016లో లీసెస్టర్ సిటీ ప్రీమియర్ లీగ్ గెలిచిన కథ మనకు తెలుసు. మరి పోతిరెడ్డిపల్లి నుంచి హైవే ఎక్కితే వచ్చే గచ్చిబౌలి టీమ్ కథ?

2021-22 ఐఎస్ఎల్. కోవిడ్ వల్ల మ్యాచులన్నీ గోవాలోనే. హైదరాబాద్ ఎఫ్‌సీ సొంత గ్రౌండ్‌లో ఒక్కటి కూడా ఆడలే. ఒగ్బెచే 18 గోల్స్ కొట్టిండు. 2022 మార్చి 20, ఫైనల్. స్టాండ్స్ నిండా కేరళ బ్లాస్టర్స్ పసుపు జెర్సీలే. 68వ నిమిషంలో వాళ్ల గోల్. 88లో సాహిల్ తవోరా సమం చేసిండు. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపిండు. 3-1తో కప్పు మనదే!

తర్వాత ఆటగాళ్లకు జీతాలు ఆగినయ్. 2023-24లో ఒక్కటే గెలుపు, చివరి స్థానం. 2025లో క్లబ్ ఢిల్లీకి పోయింది. లీసెస్టర్ కూడా 2023లో కింది డివిజన్‌కు పడింది. కానీ ఊరు విడిచి పోలేదు, అభిమానులూ వదల్లేదు. మనకు కప్పు వచ్చింది గానీ, క్లబ్ మిగల్లేదు.