భిలాయ్ ఉక్కు నగరం: నడుము నొప్పికి చేతి చికిత్స ఎంతవరకు ఉపకరిస్తుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగార నిర్మాణానికి 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరలివెళ్లిన అనేక తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి.

ఉక్కు పని శరీరాన్ని పలు విధాలుగా శ్రమపెడుతుంది. పైక్రేన్ నడిపే వ్యక్తి కంపనాల మధ్య గంటల తరబడి కూర్చుని, మెడ వంచి కిందికి చూస్తూ ఉండాలి. వెల్డర్ ఇరుకైన చోట ఒంగి పనిచేయాలి. ఫిట్టర్ బరువైన విడిభాగాలను ఎత్తాలి, తిప్పాలి. నడుము, మెడ, భుజాల నొప్పులు ఇటువంటి పనులకు తోడుగా వస్తాయి. ఆ నొప్పికి మర్దన చేసేవారి నుంచి ఫిజియోథెరపిస్టు వరకు ఎందరో చేతితో చికిత్స చేస్తామంటారు. వారి చేతులు ఏమి చేయగలవు, ఏమి చేయలేవు?

చేతి చికిత్సలు ఎన్ని రకాలు?

మన ఇళ్లలో నూనె మర్దన, ఆయుర్వేదంలో అభ్యంగనం ఎప్పటి నుంచో ఉన్నాయి. అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ 1874లో ఆస్టియోపతికి, డేనియల్ డేవిడ్ పామర్ 1895లో కైరోప్రాక్టిక్‌కు ఆద్యులయ్యారు. జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందిన ఐడా రోల్ఫ్ (1896-1979) మరొక పద్ధతిని రూపొందించారు. కండరాలను చుట్టి ఉండే సంధాయక కణజాలాన్ని గట్టిగా ఒత్తి సాగదీస్తే శరీరం తిన్నగా నిలుస్తుందని ఆమె భావించారు. పది విడతలుగా సాగే ఈ పద్ధతికి రోల్ఫింగ్ అని పేరు. ఆధునిక ఫిజియోథెరపీలో కీళ్లను మెల్లగా కదిలించడం, కండరాలను ఒత్తడం వ్యాయామంతో కలిసే ఉంటాయి.

నొప్పి ఎలా తగ్గుతుంది?

పక్కకు జరిగిన ఎముకను తిరిగి చోటులో పెట్టామని కొందరు చికిత్సకులు చెబుతారు. కీలు చప్పుడు చేయడమే అందుకు సాక్ష్యమని రోగులూ నమ్ముతారు. కానీ వేళ్లు విరిచినప్పుడు వచ్చే చప్పుడును 2015లో కెనడా పరిశోధకులు ఎంఆర్‌ఐ ద్వారా పరిశీలించారు. కీలులోని ద్రవంలో వాయువుతో కూడిన ఖాళీ ఏర్పడుతున్నప్పుడే ఆ చప్పుడు వస్తోందని గుర్తించారు. అది ఎముక సర్దుకున్న శబ్దం కాదు.

స్పర్శ, ఒత్తిడి నాడీ వ్యవస్థకు కొత్త సంకేతాలు పంపి, నొప్పి పట్ల దాని సున్నితత్వాన్ని కొంతసేపు తగ్గిస్తాయన్నది నేడు ఎక్కువ మంది నిపుణులు అంగీకరించే వివరణ. కండరాల బిగువు సడలుతుంది, కదలడానికి భయం తగ్గుతుంది. ఈ ఉపశమనం నిజమైనదే కానీ తరచుగా తాత్కాలికం. ఆ వెసులుబాటులో నడక, వ్యాయామం మొదలుపెట్టినవారికే దీర్ఘకాలిక ప్రయోజనం దక్కే అవకాశం ఎక్కువ.

భంగిమను చేతితో సరిచేయవచ్చా?

నొప్పికి వంకర భంగిమే మూలమన్న నమ్మకం బలంగా ఉంది. అయితే వెన్ను కొద్దిగా వంగి ఉన్నవారందరికీ నొప్పి ఉండదు. తిన్నగా నిలబడేవారందరూ నొప్పి లేకుండానూ ఉండరు. ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉండిపోకుండా తరచూ మార్చుకోవడం ముఖ్యం. రోల్ఫింగ్ విషయంలో బలమైన ఆధారాలు లేవు. ఆస్ట్రేలియా ప్రభుత్వం సహజ చికిత్సలను సమీక్షించి, 2019 ఏప్రిల్ 1 నుంచి రోల్ఫింగ్ సహా పలు పద్ధతులను ప్రైవేటు ఆరోగ్య బీమా రాయితీ పరిధి నుంచి తొలగించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏమంటోంది?

2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారని అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పిపై మార్గదర్శకాలు విడుదల చేసింది. మూడు నెలలు దాటినా తగ్గని, నిర్దిష్ట వ్యాధి కారణం కానటువంటి నొప్పికి ఇవి వర్తిస్తాయి. రోగికి అవగాహన కల్పించడం, వ్యాయామం, మర్దన, వెన్నెముకపై చేసే చేతి చికిత్స, మానసిక చికిత్స వంటివి ఉపయోగపడవచ్చని పేర్కొంది. నడుము బెల్టులు, ట్రాక్షన్, ఓపియాయిడ్ మందులు సాధారణంగా వాడవద్దని సూచించింది.

ఎప్పుడు చేయించుకోకూడదు?

మూత్ర, మల విసర్జనపై అదుపు తప్పినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, కాలు బలహీనపడుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో కూడిన నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండడం, కింద పడిన తర్వాత మొదలైన నొప్పి ఉంటే ముందు వైద్య పరీక్ష జరగాలి. ఎముకలు గుల్లబారినవారికి బలమైన ఒత్తిడి ప్రమాదకరం. మెడను ఒక్కసారిగా విరిచినప్పుడు రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. ఇది అరుదే అయినా ప్రాణాంతకం కావచ్చు.

ఫిజియోథెరపీతో సహా అనుబంధ ఆరోగ్య వృత్తుల విద్యను, నమోదును నియంత్రించే జాతీయ చట్టం 2021లో వచ్చింది. చికిత్స చేసేవారి అర్హతను అడిగి తెలుసుకోవడం రోగి హక్కు. ఎన్ని విడతలు అవసరం, ఇంట్లో ఏ వ్యాయామం చేయాలి అన్న రెండు ప్రశ్నలకూ స్పష్టమైన జవాబు రావాలి. జవాబు రాకపోతే చికిత్సకు డబ్బు కట్టే ముందే ఆలోచించుకోవాలి.

పని మారకపోతే?

శాశ్వత ఉద్యోగికి కర్మాగారానికి చెందిన సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి అందుబాటులో ఉంది. కాంట్రాక్టు కార్మికుడికి విశ్రాంతి అంటే కూలి పోవడమే. ఈఎస్‌ఐ వర్తించే కార్మికుడు నిర్ణీత చందా దినాలు పూర్తిచేసి ఉంటే, వైద్యుడు ధ్రువీకరించిన అనారోగ్య కాలానికి ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం పొందవచ్చు. ఈ సంగతి తెలియక నొప్పితోనే పనికి వెళ్లేవారికి ఏ మర్దనా నిలకడైన మేలు చేయదు.

గాయం కలిగించేంత బరువును ఎవరి చేతా ఎత్తించరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లోనే చెప్పింది. బరువులకు యంత్ర సహాయం, కంపనాన్ని తగ్గించే క్రేన్ సీటు, షిఫ్టు మధ్యలో లేచి నడిచే విరామం కూడా చికిత్సలో భాగమే. చేతి చికిత్స నొప్పిని కొన్ని గంటలో, కొన్ని రోజులో తగ్గించగలదు. అది మళ్లీ రాకుండా చూడాలంటే వ్యాయామంతో పాటు పనిచేసే తీరూ మారాలి.