కొల్లేరు నీళ్లకి దారేది?

మా మదీనాగూడలో చేపలబ్బాయి రోజూ "కొల్లేరు సరుకన్నా" అంటాడు. ఆ కొల్లేరు కథ కొల్లేటి చాంతాడంత, కుదించి చెప్తా.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు వరద అందులోకే చేరుతుంది. సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరే. అలాంటి చిత్తడిలో మునిగిన గడ్డి తొందరగా కుళ్లదు, కార్బన్ బురదలోనే ఉండిపోతుంది. వేల ఏళ్లు పేరుకుంటే అదే పీట్. ఎండగడితే ఆ కార్బన్ గాల్లోకి పోతుంది.

మనవాళ్లు గట్లేసి చేపల చెరువులు తవ్వారు. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ గుర్తింపొచ్చింది. చెరువులు ఆగలేదు. 2006లో ప్రభుత్వమే గట్లు కొట్టేసింది. అప్పుడు కూలిపని పోయినవాళ్ల బాధ వేరే ఎపిసోడ్.

తర్వాత మళ్లీ గట్లు లేచాయి. 2024 సెప్టెంబర్‌లో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్లు చేరాల్సింది ఆ కొల్లేరుకే.