జాతరలో మైకు, కిక్రి గొంతు

మన పండుగల గురించి రాసేవాళ్లు పూజలు రాస్తారు, మొక్కులు రాస్తారు. శబ్దం గురించి రాయరు. కానీ మన చరిత్ర పుస్తకాల్లో కాదు, చెవుల్లో పడి మనదాకా వచ్చింది. సమ్మక్క సారలమ్మ కథను డోలి మీద పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ విద్య కూడా నోటి నుంచి చెవికి వచ్చిందే.

కేస్లాపూర్ నాగోబా జాతరనే తీసుకుందాం. పుష్య అమావాస్య రాత్రి మెస్రం వంశీయులు గోదావరి నుంచి కాలినడకన తెచ్చిన జలంతో మహాపూజ చేస్తారు. కొత్త కోడళ్లకు భేటింగ్ జరుగుతుంది. పెప్రె, డోలు దూరాన ఉన్నవాళ్లను పిలుస్తాయి. ప్రధాన్ల కిక్రి దగ్గర కూర్చున్నవాళ్లకు వంశ కథ వినిపిస్తుంది. పిలవడానికి ఒక వాద్యం, చెప్పడానికి ఇంకొకటి. పెద్దలు చేసుకున్న ఏర్పాటు ఇది.

కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాక, గోండుల కష్టాలు వినడానికి హైమన్‌డార్ఫ్ చొరవతో ఈ జాతరలో దర్బారు మొదలైంది. పాటతో పాటు అర్జీ కూడా జాతరలోకి వచ్చింది. ఆ తర్వాత కరెంటు, మైకుసెట్టు వచ్చాయి. తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పడానికి మైకు ఎంతో మేలు చేసింది.

అయితే మా ఊళ్ల పండుగల్లో మేము చూస్తున్న చిక్కులు ఇవి. కిక్రి నాదం మెత్తన. అది వినబడాలని సౌండు పెంచుతారు. బాక్సులోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులోకి దూరి కూత పెడుతుంది. పాడే పెద్దాయన ఆగిపోతాడు. గొట్టం మైకులో డోలు గంభీరం పోయి రేకు చప్పుడు మిగులుతుంది. జనరేటరు ఆగితే పిల్లలు లేచి వెళ్తారు. ఆ రాత్రి చెప్పాల్సిన తాతల పేర్లు చెప్పకుండానే మిగిలిపోతాయి. ఏడాదికి ఒకసారి వినే కథ అది.

మైకు వద్దని మేము అనడం లేదు. బాక్సులు గాయకుడి కంటే ముందు, జనం వైపు తిప్పి పెట్టాలి. మైకును కిక్రికి జానెడు దూరంలో ఉంచి సౌండు తగ్గించాలి. ఆంప్లిఫయరు దగ్గర పూజ క్రమం తెలిసిన మన కుర్రాడు కూర్చోవాలి. కరెంటు పోతే కథ ఆపకుండా జనమే దగ్గరికి జరగాలి. పెద్దల అనుమతితో కథను ఫోనులో రికార్డు చేయాలి.

టీచర్లు ఈ పనిని బడిలోనే నేర్పవచ్చు. మైకు నడపడం వచ్చిన పిల్లలకు, ఎవరి గొంతు వినబడాలో కూడా తెలియాలి.