టర్కీ కోడి సఫర్‌నామా

నవంబర్ నాలుగో గురువారం అమెరికాలో థాంక్స్‌గివింగ్. అక్కడున్న మన విశాఖ పిల్లలు ఇంటికి ఫోన్ చేసి అడిగే సవాల్ ఒకటుంది: "అమ్మీ, టర్కీ కోడి హలాలేనా? సాబుత్‌గా నూనెలో వేయిస్తారట, మనమూ చేయొచ్చా?" జవాబు చెప్పేముందు ఈ పరిందా తవారీఖ్ కాస్త చూద్దాం.

పేరులో టర్కీ ఉన్నా దాని వతన్ టర్కీ కాదు. అసలు పుట్టిల్లు మెక్సికో. తుర్కీ సౌదాగర్ల ద్వారా వచ్చే గినీ కోడితో కలిపేసుకుని ఇంగ్లీషువాళ్లు దానికి ఆ పేరు పెట్టారు. తుర్కులేమో దాన్ని 'హిందీ' అంటారు, అంటే మన దేశానిదట! మిస్ర్‌లో 'దీక్ రూమీ', రూమ్ దేశపు పుంజు. ఫార్సీలో 'బూఖలమూన్', రంగులు మార్చేది. ఉర్దూలో 'ఫీల్ ముర్గ్', ఏనుగంత కోడి. ప్రతి జుబాన్ దాన్ని పరాయిదే అంది.

హిందుస్తాన్‌లో దాని మషూర్ కథ 1612 నాటిది. జహంగీర్ బాద్షా హుకుం మీద ముఖర్రబ్ ఖాన్ గోవా వెళ్లి, పోర్చుగీసుల దగ్గర అరుదైన వస్తువులతో పాటు ఈ పక్షినీ కొనుక్కొచ్చాడు. దాని తల, మెడ ఓసారి పగడంలా, ఓసారి ఫిరోజా రాయిలా రంగు మారడం బాద్షా తన తుజుక్‌లో రాసుకున్నాడు. దర్బారు ముసవ్విర్ ఉస్తాద్ మన్సూర్ గీసిన దాని తస్వీర్ నేటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

ఇక మస్లా. గోళ్లతో వేటాడే పక్షులను హదీసు మనా చేసింది. టర్కీ గింజలు, గడ్డి, పురుగులు తినే పక్షి. అందుకే ఉలమాల్లో అత్యధికులు హలాల్ అన్నారు. జబీహా మాత్రం షర్త్. లోపలికి ఎక్కించే మసాలా నీళ్లలో షరాబ్ లేదని కూడా చూసుకోవాలి.

సాబుత్‌గా వేయించడం లూసియానా రివాజు. 1980, 90లలో అమెరికా అంతటా పాకింది. రుచి గొప్పదే, ఖతరా కూడా అంతే. ఉక్కు ఫ్యాక్టరీలో కరిగిన లోహం దగ్గర పనిచేసేవారిని అడగండి, తడి తగిలితే ఏమవుతుందో చెబుతారు. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది. లోపల మంచు మిగిలిన పక్షిని 175 డిగ్రీల నూనెలో దించితే జరిగేదీ అదే: నూనె పొంగి మంట మీద పడుతుంది. అందుకని ఫ్రిజ్‌లో ప్రతి 2 కిలోలకు ఒక రోజు చొప్పున మంచు పూర్తిగా కరగనివ్వాలి. తర్వాత లోపలా బయటా తుడిచి ఆరబెట్టాలి. నూనె ఎంత పట్టేదీ ముందే నీళ్లతో కొలుచుకోవాలి. పక్షిని దించేటప్పుడు మంట ఆర్పాలి. ఐదున్నర కిలోలకు సుమారు ముప్పావు గంట పడుతుంది. మాంసం లోపల 74 డిగ్రీలకు చేరాలి. ఇదంతా ఆరుబయటే. ఫ్లాట్ బాల్కనీలో హర్గిజ్ వద్దు.

ఆ వేరుశనగ నూనె, పైన చల్లే మిర్చి కూడా అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చినవే. మిర్చి లేని సాలన్ నేడు మన దస్తర్‌ఖాన్ మీద ఊహించగలమా? దర్గా కొండ మీది హజ్రత్ ఇస్‌హాఖ్ మదనీకి ఒకప్పుడు రేవులోకి వచ్చే ఓడలు జెండా దించి సలాం చేసేవి, హిందూ ఓడ యజమానులు వెండి పడవలు నజరానా ఇచ్చేవారు. రేవు ఊరివాళ్లం మనం. పేరు పరాయిదైనంత మాత్రాన ఏదీ పరాయిది కాదని మనకు ఒకరు చెప్పాలా? అది కోడి విషయంలోనైనా, మనిషి విషయంలోనైనా.