మోకాటి గడ్డ: వాపా, కణితా?

మోకాట్లో నీరు చేరిందంటే గద్వాల జిల్లా మానవపాడు వైపు చాలామంది తుంగభద్ర దాటి కర్నూలు పెద్దాసుపత్రికే వెళ్తారు. తీసిన నీరు నెత్తురు కలిసి గోధుమరంగులో ఉంటే, అనుమానించాల్సిన వాటిలో టీనోసైనోవియల్ జెయింట్ సెల్ ట్యూమర్ ఒకటి. కీలు లోపలి పొరలో పుట్టే ఈ గడ్డ క్యాన్సర్ కాదు. అయినా కీలునూ, పక్కనున్న ఎముకనూ తినేస్తుంది. 1941లో వాపన్నారు, 2006లో కణితని తేల్చారు అంటూ దీని చరిత్రను రెండు ముక్కల్లో ముగించడం పరిపాటి. జరిగింది అంత తేలికగా లేదు.

1852లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు షసేన్యాక్ వేళ్ల స్నాయువుల తొడుగులో దీన్ని చూసి క్యాన్సర్‌ అన్నాడు. 1941లో వైద్యులు జాఫె, లిక్టెన్‌స్టైన్, సుట్రో వేలి గడ్డలూ మోకాటి గడ్డలూ ఒకే కుదురువని చెప్పి, వాపు జబ్బుల్లో చేర్చారు.

ఆ తీర్పును అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం. సూక్ష్మదర్శిని కింద వారికి కనిపించినవి చెత్తను మింగే రక్షణ కణాలైన మాక్రోఫేజ్‌లు, నురుగు కణాలు, ఇనుము మరకలు. వాపులో కనిపించేవీ అవే. కీలులో పదేపదే రక్తం కారడమే మూలమన్న వాదమూ బలంగా నడిచింది. కుక్కల కీళ్లలోకి రక్తం ఎక్కించి మరీ పరీక్షించారు. కానీ హిమోఫీలియా రోగుల మోకాళ్లలో ఏళ్లతరబడి రక్తం కారినా సాధారణంగా ఇలాంటి గడ్డలు కట్టవు. పైగా, కోసి తీసేసినా ఇది మళ్లీ పెరుగుతుంది. 1990లలో కొన్ని గడ్డల్లో కణితికి గుర్తుగా భావించే క్రోమోజోమ్ మార్పులు బయటపడ్డాయి. 1997 నాటి మరో పరిశోధన మాత్రం వేలి గడ్డల్లోని కణాలు, కణితిలో ఉండాల్సినట్టు, ఒకే కణం సంతతి కావంది. రెండు పక్షాల చేతిలోనూ సాక్ష్యముంది.

ముడి విప్పింది 2006 నాటి స్టాన్‌ఫర్డ్ బృందం. సీఎస్ఎఫ్-1 జన్యువు చోటు మారిన కణాలు గడ్డలో 2 నుంచి 16 శాతమే. అవి ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను అతిగా వదిలి మాక్రోఫేజ్‌లను రప్పిస్తాయి. గడ్డలో అధికభాగం ఇలా వచ్చి చేరినవే. జాఫె చూసింది నిజమే, చూడలేనిది ఆ కొద్దిపాటి కణాలను. అలాగని అంతా తేలిపోలేదు: ఆ మార్పు దొరకని గడ్డలూ ఉన్నాయి.

ఈ అవగాహనతోనే 2019లో అమెరికా సీఎస్ఎఫ్-1 పనిని అడ్డుకునే మందు పెక్సిడార్టినిబ్‌ను అనుమతించింది. ప్రయోగంలో 39 శాతం మందికి గడ్డ తగ్గింది. అయితే కాలేయానికి ముప్పు తేవడంతో 2020లో ఐరోపా మందుల సంస్థ కాదంది. ప్రాణం తీయని గడ్డకు అలాంటి మందు అందరికీ తగదు. 2025లో అమెరికా అనుమతించిన మరో మందు విమ్సెల్టినిబ్ గురించి కూడా తొందరపడి సంబరపడనక్కర్లేదు. ఒకచోట ముద్దకట్టిన గడ్డకు చాలాసార్లు కోతే సరిపోతుంది. తిరగబెట్టే బెడద పొరంతా పాకిన రకానికే ఎక్కువ.

కీళ్ల క్షయ ఉన్న మన దేశంలో ఈ గడ్డను క్షయగా పొరబడే ప్రమాదముంది. ఒక్క మోకాలే నెలల తరబడి వాచి ఉంటే, నీరు తీయించుకుని ఊరుకోకుండా ఎమ్మారై, ముక్క పరీక్ష అవసరమా అని వైద్యుణ్ని గట్టిగా అడగండి.